ఏ స్టేజీ అని అడుగుతాం, ఏ రకం అని అడగం

కావలి దగ్గర ఒక ఊళ్లో ఎదురెదురు ఇళ్లు. వరసకు అక్కాచెల్లెళ్లయ్యే ఇద్దరు ఆడవాళ్లకు ఆరు నెలల తేడాతో రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడింది. పెద్దామెకు యాభై అయిదు దాటాయి, చిన్నామెకు నలభై ఒకటి. ఇద్దరిదీ రెండో స్టేజీ అన్నారు. పెద్దామెకు ఆపరేషన్ చేసి, కరెంటు పెట్టి, రోజుకో మాత్ర వేసుకోమని ఇంటికి పంపారు. రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడమనే అంటారు. చిన్నామెకు ఆపరేషన్ కన్నా ముందే కీమో మొదలుపెట్టారు. నాలుగు పెద్దవి, ఆ పైన వారానికొకటి చొప్పున పన్నెండు. మూడో వారానికే జుట్టంతా ఊడిపోయింది. "అక్కకు మాత్రతో పోయే జబ్బుకు నాకెందుకన్నా ఇన్ని సూదులు?" అని నన్ను అడిగింది. ఆమె భర్త అనుమానం వేరు. పథకం డబ్బుల కోసం ఆసుపత్రివాళ్లు లెక్క పెంచుతున్నారని ఆయన గట్టిగా నమ్మాడు.

నేను ముప్పై ఏళ్లు ల్యాబులో రోగుల గడ్డల ముక్కలు కోసి, మైనంలో పొదిగి, స్లైడ్లు చేసినవాణ్ణి. వైద్యుణ్ణి కాను. కానీ ఆ రెండు ఇళ్ల రిపోర్టులు పక్కపక్కన పెడితే జవాబు అందులోనే ఉంది. పెద్దామె కాగితం మీద ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్‌టూ నెగటివ్. చిన్నామె కాగితం మీద మూడూ నెగటివ్. ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లు వచ్చి అతుక్కునే ప్రోటీన్లు, హెర్‌టూ అంటే కణాన్ని పెరగమని తొందరపెట్టే ప్రోటీన్. ఈ మూడు వరుసలను వాళ్లకు ఎవరూ చదివి వినిపించలేదు. వినిపించినా చిక్కే. కరోనా తరవాత పాజిటివ్ అంటే చెడు, నెగటివ్ అంటే మంచి అని ఊరూరా స్థిరపడిపోయింది. మూడూ నెగటివ్ అని చూసి, ఏమీ లేదట అని సంతోషించి బంధువులకు ఫోన్లు చేసిన ఇంటిని నేనెరుగుదును. ఇక్కడ మాట తిరగబడుతుంది. హార్మోన్ దగ్గర పాజిటివ్ అంటే పట్టుకోవడానికి ఒక పిడి దొరికినట్టు. మూడూ నెగటివ్ అంటే ఆ మూడు పిడుల్లో ఒక్కటీ లేనట్టు.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే చెప్పేస్తాను. రిపోర్టులో గ్రేడ్ 3 అని ఉంటే మూడో స్టేజీ అనుకొని కుంగిపోయేవాళ్లు చాలామంది. గ్రేడ్ అంటే మైక్రోస్కోపు కింద కణాల తీరు ఎంత చెదిరిందో చెప్పేది. స్టేజీ అంటే జబ్బు ఒంట్లో ఎంత మేర పాకిందో చెప్పేది. చిన్న గడ్డ కూడా గ్రేడ్ 3 కావచ్చు.

ఇక రకం సంగతి. మా జిల్లాలో వరి పండించేవాళ్లకు ఇది కలుపుతో చెబితే తొందరగా అర్థమవుతుంది. ఊద, తుంగ రెండూ మడిలో కలుపే. ఊద వరితో పోటీపడి ఎదుగుతుంది, చూస్తుండగానే పైరును మింగుతుంది. కానీ గింజ రాలకముందే పీకేస్తే దాని పీడ చాలావరకు పోతుంది. తుంగ అంత దూకుడు చూపదు. పైన పీకేస్తే మడి శుభ్రంగా కనిపిస్తుంది, కింద గడ్డలు మాత్రం మట్టిలో ఉండిపోయి, మనం మరిచిపోయాక మళ్లీ మొలకెత్తుతాయి. ఒకదానికి కొట్టిన మందు మరొకదానికి పనిచేయకపోవచ్చు. కలుపు ఎంత మేర ఉందో, అది ఏ కలుపో రైతు రెండూ చూస్తాడు. రొమ్ము క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి మనం మొదటి ప్రశ్నతోనే ఆగిపోతున్నాం.

రకాల కథ ఒక ఆపరేషన్‌తో మొదలైంది. గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్, పశువుల్లో పాలకూ అండాశయాలకూ ఉన్న సంబంధం గురించి ఆలోచిస్తూ, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న ఒక యువతికి అండాశయాలు తీసేశాడు. గడ్డలు కరిగిపోయాయి. 1896లో ఆ సంగతి ప్రకటించాడు. ఒంగోలు గిత్తల సీమవాళ్లం, పశువుల కొట్టం నుంచి ఇంత పెద్ద వైద్యం పుట్టిందంటే ఆశ్చర్యపడనక్కరలేదు. చిక్కేమిటంటే, తరవాత అదే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కొందరికే గుణమిచ్చింది, చాలామందికి ఇవ్వలేదు. ఎందుకో తెలియడానికి అరవై ఏళ్లు పట్టింది. షికాగోలో ఎల్వుడ్ జెన్సన్ ఈస్ట్రోజన్ హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్‌ను కనిపెట్టాడు. అదే ఈస్ట్రోజన్ రిసెప్టార్, రిపోర్టులో ఈఆర్. అది ఉన్న గడ్డ హార్మోన్ మీద బతుకుతుంది కాబట్టి హార్మోన్ ఆపితే ఎండుతుంది. అది లేని గడ్డకు ఆ ఊసే పట్టదు.

2000లో చార్ల్స్ పెరూ, ఆయన సహచరులు గడ్డల్లో వేలాది జన్యువులు ఏవి పనిచేస్తున్నాయో, ఏవి నిద్రపోతున్నాయో ఒకేసారి చూసి, రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాలుగా విడిపోతుందని చూపించారు. మరుసటి ఏడాది థెరీస్ సోర్లీ బృందం ఆ కుటుంబాలను బట్టి రోగుల ఆయుష్షు కూడా వేరుగా ఉంటోందని తేల్చింది. లూమినల్ ఏ, లూమినల్ బీ, హెర్‌టూ, బేసల్ అనే పేర్లు అక్కడివే. నెల్లూరులోనో ఒంగోలులోనో ప్రతి ముక్కకూ అన్ని జన్యువులు చూడటం కుదరదు కాబట్టి, ఐహెచ్‌సీ అనే రంగు పరీక్షతో ఈఆర్, పీఆర్, హెర్‌టూ, కేఐ-67 చూసి దగ్గరి అంచనాకు వస్తాం. మూడూ నెగటివ్ అయిన గడ్డల్లో ఎక్కువ భాగం బేసల్ కుటుంబమే, అన్నీ కావు. కేఐ-67 కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే అంకె. ఒకే స్లైడు ఇద్దరికి ఇస్తే ఇద్దరూ వేరు అంకె రాయడం నేను చూశాను. ఆ ఒక్క అంకె మీద నిద్ర పాడుచేసుకోవద్దు.

హార్మోన్ పాజిటివ్, హెర్‌టూ నెగటివ్ రకం అన్నిటికన్నా ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లో పదింట ఏడు వరకు ఇవే. మగవాళ్లకు అరుదుగా వచ్చే రొమ్ము క్యాన్సర్ కూడా ఎక్కువగా ఇదే రకం. అమెరికా లెక్కల్లో ఈ రకంవాళ్లలో అయిదేళ్లు బతికేవాళ్లు వందకు 95 దాకా ఉన్నారు. మంచి రకం అని డాక్టర్లు ఊరట చెప్పేది అందుకే. నాకు మాత్రం ఆ మాటంటే భయం. ఇది తుంగ జాతి. 2017లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణలో, అయిదేళ్లు మాత్ర వేసుకొని, అప్పటికి జబ్బు లేకుండా ఉన్న స్త్రీలను ఇరవయ్యో ఏడు దాకా గమనించారు. మొదట్లో గడ్డ చిన్నదై, చంకలోకి పాకనివాళ్లలో కూడా వందకు 13 మందికి ఆ తరవాతి పదిహేనేళ్లలో దూరపు అవయవాల్లో జబ్బు తిరిగి వచ్చింది. గడ్డ కాస్త పెద్దదై, చంకలో నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు పాకినవాళ్లలో అది 41. తిరిగి వచ్చినప్పుడు ఎక్కువగా ఎముకల్లో కనిపిస్తుంది. పన్నెండేళ్ల కింద ఆపరేషనైన మనిషి నడుం నొప్పికి నూనె రాసుకుంటూ కూర్చుంటే నాకు గుబులు పుట్టేది అందుకే.

హార్మోన్‌ను అడ్డుకునే టమాక్సిఫెన్ మాత్ర అయిదేళ్లు వాడితే, వాడుతున్న కాలంలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం సగానికి సగం తగ్గుతుంది. ఈ జబ్బుతో మరణాలు మూడో వంతు తగ్గుతాయి. మాత్ర ఖరీదు కొన్ని రూపాయలు. నెలసరి ఆగిపోయినవాళ్లకు లెట్రజోల్ లాంటివి రాస్తారు. ఇంత చవకైన మందు, ఇంత లాభం క్యాన్సర్ వైద్యంలో చాలా అరుదు. అయినా రెండో ఏడో మూడో ఏడో ఆపేస్తారు. ఒంట్లో ఆవిర్లు, కీళ్ల నొప్పులు ఒక కారణం. గడ్డ తీసేశారు కదా, ఇంకా మాత్రెందుకు అనే తర్కం రెండోది, బలమైనదీ అదే. బీపీ మాత్ర ఆపితే తల తిరుగుతుందేమో గాని, ఈ మాత్ర ఆపితే ఆ నెలలో ఏమీ కాదు. అందుకే ఆపడం అంత సులువు. మంచి రకం చేతిలోనే మోసపోయేది ఇక్కడ. నొప్పులు భరించలేకపోతే మందు మార్చమని డాక్టరును అడగవచ్చు, మార్చడానికి వేరే మందులున్నాయి.

ఈ రకంలో అందరికీ కీమో అక్కరలేదని కూడా ఇప్పుడు రుజువైంది. జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంతో స్కోరుగా చెప్పే 21 జన్యువుల పరీక్ష ఒకటి ఉంది. పదివేలమందికి పైగా స్త్రీల మీద జరిగి 2018లో ఫలితాలు వచ్చిన అధ్యయనంలో, చంకలోకి పాకని గడ్డలున్న, మధ్యస్థ స్కోరు వచ్చినవాళ్లలో చాలామందికి కీమో కలిపినా అదనపు లాభం కనిపించలేదు. యాభై లోపువాళ్లలో కొందరికి మాత్రం కొంత ఉంది. ఆ పరీక్ష ఖర్చు మన దగ్గర లక్షల్లో ఉంటుంది కాబట్టి, వయసు, గ్రేడ్, గడ్డ సైజు, చంక గ్రంథులు చూసుకొని అనుభవంతో నిర్ణయిస్తారు. ఎదురింటి పెద్దామె కీమో తప్పించుకున్నది ఈ దారినే.

హెర్‌టూ కథ చదివితే, రకం అనేది నొసటి రాత కాదని తెలుస్తుంది. 1987లో డెన్నిస్ స్లేమన్ బృందం, కొన్ని గడ్డల్లో హెర్‌టూ జన్యువు రెండు ప్రతులకు బదులు ఎన్నో ప్రతులుగా పెరిగిపోయి ఉంటుందని, ఆ రోగుల్లో జబ్బు త్వరగా తిరగబెడుతోందని, ఆయుష్షు కూడా తగ్గుతోందని చెప్పింది. అప్పట్లో ఈ రకం అంటే డాక్టర్ల ముఖం మాడేది. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ అనుమతి పొందింది. ఆ ప్రోటీన్‌నే పట్టుకొని అడ్డుకునే మందు అది. తొలి దశలో ఆపరేషన్ అయినవాళ్లకు ఇస్తే తిరగబెట్టడం బాగా తగ్గుతోందని 2005లో తేలింది. తరవాత అన్ని అధ్యయనాలనూ కలిపి చూస్తే తిరగబెట్టడమూ, ఈ జబ్బుతో చనిపోవడమూ మూడో వంతు చొప్పున తగ్గాయి. గడ్డ అదే, జన్యువు అదే, మారింది మందు ఒక్కటే. ఒకప్పటి చెడ్డ రకానికి అమెరికాలో ఇప్పుడు అయిదేళ్ల లెక్క వందకు 85 పైనే. ఆ మందు దొరకని చోట మాత్రం 1987 నాటి పరిస్థితే. 2014లో బయోకాన్ మన దేశంలోనే తయారైన బయోసిమిలర్‌ను తెచ్చాక ధర దిగింది. అయినా ఏడాది పాటు మూడు వారాలకోసారి ఎక్కించుకోవడం సామాన్య కుటుంబానికి ఇప్పటికీ బరువే.

రిపోర్టులో హెర్‌టూ పక్కన 0 లేదా 1+ ఉంటే నెగటివ్, 3+ ఉంటే పాజిటివ్. 2+ ఉంటే ఏమీ తేలనట్టు. అప్పుడు ఫిష్ అనే జన్యు పరీక్ష చేయించాలి. చేపకూ దీనికీ సంబంధం లేదు, పేరే అంత. 2+ ను నెగటివ్ కిందో, పాజిటివ్ కిందో ఇంట్లోవాళ్లే తేల్చేసుకొని ఊరుకోవడం ప్రమాదం. ఏడాది వైద్యం ఆ ఒక్క పరీక్ష మీద ఆధారపడి ఉంది. 2022 నుంచి ఇంకో మలుపు వచ్చింది. ముదిరిన జబ్బులో 1+, ఫిష్ నెగటివ్ వచ్చిన 2+ గడ్డలకు కూడా పనిచేసే కొత్త మందు రావడంతో, నెగటివ్ అని కొట్టేసిన పాత రిపోర్టులను మళ్లీ తీసి చూస్తున్నారు.

మూడూ నెగటివ్ వచ్చే రకాన్ని ట్రిపుల్ నెగటివ్ అంటారు. ఇది ఊద జాతి. పాశ్చాత్య దేశాల్లో వందకు 10 నుంచి 15 ఉంటే, మన దేశపు అధ్యయనాలను కలిపి చూస్తే నాలుగో వంతుకు పైగా ఉంది. మన దగ్గర రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కన్నా పదేళ్లు ముందే రావడం, ఈ రకం చిన్న వయసులో ఎక్కువగా కనిపించడం, రెండూ ఇందులో ఉన్నాయి. బీఆర్‌సీఏ-1 జన్యువులో లోపం పుట్టుకతో వచ్చినవాళ్లకు పట్టే గడ్డ చాలాసార్లు ఇదే. అందుకే చిన్న వయసులో ఈ రకం వస్తే రక్తపరీక్షతో ఆ జన్యువును చూడమంటారు. తల్లికి తేలితే కూతుళ్ల సంగతే కాదు, కొడుకుల సంగతీ ఆలోచించాలి. లోపం మగపిల్లల ద్వారా కూడా దిగుతుంది. ఇది బయటికి పొక్కితే సంబంధాలు కుదరవని పరీక్షే వద్దన్న ఇళ్లు ఉన్నాయి. వాళ్ల భయం అబద్ధమని నేననలేను.

ఈ రకంలో ప్రమాదమంతా ముందే ఉంటుంది. తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలో, ఊపిరితిత్తులకో మెదడుకో పోతుంది. అయిదేళ్లు దాటాక తిరగబెట్టడం అరుదు. హార్మోన్ రకం మనిషికి లేని నిశ్చింత ఈ మనిషికి అప్పుడు దొరుకుతుంది. పదేళ్ల తరవాత ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే ఎక్కువ ధైర్యంగా ఉండదగినది ట్రిపుల్ నెగటివ్ దాటివచ్చిన మనిషే. ఈ మాట ఎవరూ చెప్పరు.

ట్రిపుల్ నెగటివ్‌కు అయిదేళ్ల లెక్క అమెరికాలో మొత్తంగా వందకు 78 దగ్గర. కానీ దాన్ని విడదీసి చూడండి. గడ్డ రొమ్ములోనే ఉండగా పట్టుకుంటే 90 దాటుతుంది. చంకకో, పక్క కణజాలానికో పాకితే 66 ప్రాంతానికి వస్తుంది. దూరపు అవయవాలకు చేరాక 15కు మించడం లేదు. రకం ఒకటే, వచ్చిన వేళను బట్టి ఇంత తేడా. సీతారామపురం నుంచో పామూరు నుంచో గడ్డ పుండయ్యాక వచ్చే మనిషికి ఆ 78 అనే అంకె చెప్పి ధైర్యం నూరిపోయడమూ తప్పే, తొలి దశలో వచ్చిన మనిషికి అదే అంకె చెప్పి భయపెట్టడమూ తప్పే.

చిన్నామెకు ఆపరేషన్ కన్నా ముందు కీమో ఎందుకు పెట్టారో ఇప్పుడు చెప్పవచ్చు. గడ్డ ఒంట్లో ఉండగానే మందు ఎక్కిస్తే అది కరుగుతోందో లేదో కళ్లారా కనిపిస్తుంది. తరవాత ఆపరేషన్‌లో తీసిన ముక్కలో మైక్రోస్కోపు కింద ఒక్క క్యాన్సర్ కణం కూడా దొరక్కపోతే, ట్రిపుల్ నెగటివ్ అయినా ఆ మనిషి భవిష్యత్తు బాగుంటుంది. మిగిలి ఉంటే అదనంగా మరో మందు చేర్చాలి. 2017లో జపాన్, కొరియా వైద్యులు ఇలా మిగిలినవాళ్లకు కేపసైటబిన్ మాత్రలిస్తే ఎక్కువమంది బతికారని చూపించారు, ముఖ్యంగా ఈ రకంలో. ముందే ఆపరేషన్ చేసేస్తే ఈ సమాచారం చేతికి రాదు. ఊళ్లో మాత్రం గడ్డను లోపల ఉంచుకొని సూదులేమిటని గొడవ. మరో మాట మన దేశానిదే. ముంబై టాటా మెమోరియల్‌లో ఏడు వందలకు పైగా ట్రిపుల్ నెగటివ్ స్త్రీల మీద పదేళ్ల పాటు జరిగి 2022లో ప్రకటించిన పరీక్షలో, కార్బోప్లాటిన్ అనే పాత, చవక మందును కలిపితే యాభై లోపువాళ్లకు స్పష్టమైన లాభం కనిపించింది. వాడుకలో ఉన్న పాత మందు కాబట్టి ఒంటి రక్షణ శక్తినే జబ్బు మీదికి ఉసిగొల్పే విదేశీ ఇమ్యూనోథెరపీ ఖర్చుతో దీన్ని పోల్చనే అక్కరలేదు.

ఇంతవరకు చెప్పినదంతా రిపోర్టు సరైనదైతేనే నిలుస్తుంది. ఇక్కడ నా వృత్తి గుర్తుకొస్తుంది, కాస్త కోపం కూడా.

ఒంట్లోంచి తీసిన ముక్క గంటలోపు, దాన్ని చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో పడాలి. ముక్కకు పది రెట్లు ద్రవం ఉండాలి. ఫార్మలిన్ లోపలికి గంటకు మిల్లీమీటరు మాత్రమే దిగుతుంది కాబట్టి, పెద్ద రొమ్ము ముక్కను ముందే కోసి గాట్లు పెట్టాలి. అందులో ఉంచేది ఆరు గంటలకు తగ్గకూడదు, డెబ్బై రెండు గంటలు దాటకూడదు. ఇవేవీ జరగకపోతే కణాల్లో ఉన్న రిసెప్టార్లు పాడై, ఈఆర్ ఉన్న గడ్డ కూడా లేనట్టే కనిపిస్తుంది. మా బంధువుల అమ్మాయి గడ్డను ఒక చిన్న నర్సింగ్ హోములో తీసి, మంచినీళ్ల సీసాలో సెలైన్ పోసి, అందులో వేసి భర్త చేతికిచ్చి పంపారు. దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో వచ్చింది.  ఆ అమ్మాయికి మూడూ నెగటివ్ అని వచ్చింది. ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన సన్నని ముక్క అదృష్టవశాత్తు మరో చోట మైనంలో భద్రంగా ఉంది. దాని మీద మళ్లీ చేయిస్తే ఈఆర్ వందకు డెబ్బై కణాల్లో పాజిటివ్. ఆ రెండో పరీక్ష అడగకపోతే ఆమెకు మాత్ర రాసేవాళ్లే కారు. ఒకప్పుడు మన దేశంలో హార్మోన్ పాజిటివ్ శాతం తక్కువగా కనిపించడానికి ముక్కలను సరిగా భద్రపరచకపోవడమూ ఒక కారణమని పాథాలజిస్టులే ఒప్పుకున్నారు.

అందుకే పాజిటివ్, నెగటివ్ అనే మాటతో ఆగకుండా ఎంత శాతం అని చూడాలి. వందలో ఒక్క కణం రంగు పట్టినా ఈఆర్ పాజిటివ్ అనే రాస్తారు. అయితే పది లోపు ఉన్న గడ్డ నడతలో నెగటివ్‌కే దగ్గర. ముసలామెకు వచ్చిన, నెమ్మదిగా పెరిగిన, గ్రేడ్ 1 గడ్డకు మూడూ నెగటివ్ అని వస్తే అనుమానించాలి. పరీక్ష మళ్లీ చేయమని అడగడంలో ఏ డాక్టరునూ అవమానించినట్టు కాదు.

మైనం దిమ్మెను మా వాళ్లు బ్లాకు అంటారు. పినాకిని రైల్లో చెన్నై అడయారు క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లే పెట్టెల్లో ఎన్ని బ్లాకులు ఉంటాయో లెక్కలేదు. జబ్బు ఏళ్ల తరవాత తిరిగి వస్తే కొత్త ముక్క తీసి మళ్లీ మూడూ చూడాలి, రకం మారిపోవడం ఉంది. పాత బ్లాకు పక్కన ఉంటే పోల్చుకోవచ్చు. కొత్త మందు వచ్చినప్పుడు పాత బ్లాకు మీదే కొత్త పరీక్ష చేయవచ్చు. ఆసుపత్రి మారేటప్పుడు రసీదు రాయించుకొని తెచ్చుకోండి. అరవై డిగ్రీల లోపే కరిగే మైనం అది. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద పెట్టి టీ తాగడానికి దిగకండి. చిన్నామె బ్లాకులు రెండూ బీరువాలో, చీరల కింద, మాత్రల డబ్బాలో ఉన్నాయి. ఆమెకు మూడో ఏడు వచ్చే చైత్రానికి నిండుతుంది.